మహారాణి కింద తడిగుడ్డ

మా బావ పిచ్చి గురించి చెప్పాలంటే ముందు నా నడుము గురించి చెప్పాలి. ఆయన ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్‌లన్నిటినీ మెట్లెక్కించింది ఈ నడుమే. నాకు సామాన్లు చేరవేసే వ్యాను ఉంది. ఎవరి మంచం మోసినా కిరాయి ఇస్తారు, కనీసం టీ అయినా ఇస్తారు. మా బావ మాత్రం నేను మెట్ల మలుపులో ఊపిరాడక నిలబడి ఉంటే, "ఒరే, గోడకి రాయకు, ఆ అంచు మీద పెయింటు అసలుది" అంటాడు. నా భుజం మీద చర్మం కూడా అసలుదే. దాని గురించి ఆయన ఎన్నడూ అడగలేదు.

బావ ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టులో సేల్స్‌మన్. కొత్త ఫ్రిజ్‌లు అమ్ముతాడు, పాతవాటిని ప్రేమిస్తాడు. పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్లే స్కీము పెట్టినప్పుడల్లా కొట్టు వెనక గోడౌనులో పాత ఫ్రిజ్‌లు పోగుపడతాయి. తుక్కు లారీ వచ్చేలోపు ఆయన క్యారియరు కూడా విప్పకుండా వాటి మధ్య తిరుగుతాడు. కళ్లు మూసుకుని పిడి మీద చెయ్యి వేస్తాడు. తలుపు తీసి వేసి ఆ చప్పుడు వింటాడు. వంగి కాళ్లు చూస్తాడు, వెనక్కి వెళ్లి రేకు మీద కొట్టిన నంబరు చూస్తాడు, స్క్రూల తలలు గోటితో గీకుతాడు. చివరికి ఇది ఏ ఫ్యాక్టరీలో పుట్టింది, ఏ కాలంలో పుట్టింది, ఎన్ని చేతులు మారింది చెప్పేస్తాడు. "ఈ తలుపు చప్పుడు విన్నావా? దీని తర్వాత వచ్చినవాటికి ఈ చప్పుడు లేదురా" అంటాడు నాతో. నాకు అన్ని తలుపులూ ఒకేలా వినిపిస్తాయి. అలాగని ఆయనతో అంటే ఆ పూట నాకు భోజనం ఉండదు.

ఆయన తెచ్చుకున్నవి ముందు హాల్లో పెట్టాడు, తర్వాత వరండాలో, తర్వాత పడకగదిలో. మంచం జరిగి జరిగి గోడకి అతుక్కుంది, కిటికీలకు ఫ్రిజ్‌లు అడ్డమయ్యాయి. వాటిల్లో చాలావరకు యంత్రం ఆగిపోయినవే. ఆగనివాటిని నడపనివ్వడు, అరిగిపోతాయట. ఇంకో కొత్త ఫ్రిజ్ కొందామంటే పెట్టే చోటు లేదు. అలా ఇల్లంతా ఫ్రిజ్‌లే అయినా తాగడానికి గ్లాసుడు చల్లటి నీళ్లు ఉండేవి కావు. మా అక్క పూటపూటకీ పాలు కాచుకునేది. ఖాళీగా ఉందికదా అని ఒకదాంట్లో దుప్పట్లు పెట్టబోతే బావకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అది ఫ్రిజ్, బీరువా కాదు" అన్నాడు. అక్క దుప్పట్లు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

ఆ బీరువా అనే మాట ఆయనకి ఊతపదం. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఎవరికి ఏ పాత ఫ్రిజ్ దొరికినా ఫొటో తీసి పెడతారు, బావ దాని జాతకం చెబుతాడు. రంగు మారిస్తే క్షమిస్తాడు. పిడి మారిస్తే సణుగుతాడు. లోపలి యంత్రం మారిస్తే మాత్రం ఒక్కటే మాట, బీరువా. అసలు యంత్రంతో చల్లబడనిది ఆయన లెక్కలో ఫ్రిజ్ కాదు. కళ్లజోళ్ల షాపాయన ఒకాయన ఉన్నాడు, నెమ్మదస్తుడు. తాతల నాటి ఫ్రిజ్‌కి కొత్త యంత్రం వేయించి, మురిసిపోతూ అందరినీ పిలిచి చూపించాడు. బావ వెనక్కి వెళ్లి వంగి చూసి, చేతులు దులుపుకుని, "మంచి బీరువా అండీ. బట్టలు పెట్టుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకేం తెలుసు. ఆయన మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఇక మహారాణి. మూసేస్తున్న పాత హోటలు వంటగదిలోంచి దాన్ని బయటికి లాగింది నేనే. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి భుజాలు, అరచెయ్యంత వెడల్పు పిడి. హాలు మధ్యలో నిలబెట్టి ప్లగ్గు పెడితే చిన్నగా దగ్గి నడిచింది. కాసేపటికి లోపల చెయ్యి పెట్టి చూసిన బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పుట్టినప్పటి యంత్రం, పుట్టినప్పటి చలి. అప్పట్నుంచీ ఎవరైనా చూడటానికి వస్తేనే దాన్ని నడిపేవాడు. గ్రూపులో దాన్ని మించింది లేదు. బావ పేరు తెలియనివాళ్లు కూడా మహారాణి వాళ్లాయన అనేవారు.

కిందటి ఎండల్లో ఒకరోజు ఆ మహారాణి ఒక్కసారి వణికి ఆగిపోయింది. కొత్త యంత్రం వేస్తే బతుకుతుంది. కానీ వేస్తే అది బీరువా అవుతుంది, ఆ మాట ఆయన ఊరంతా పంచిపెట్టి ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. బల్ల ఫ్యాను రెక్కలు పీకేసి, దాని మోటారు వెనకాల దాచి బిగించాడు, గుయ్యిమని మోగడానికి. లోపలి దీపానికి వేరే వైరు లాగాడు. ఎవరైనా వస్తున్నారంటే ఆ ఉదయం సోడా షాపు నుంచి మంచుగడ్డ గోనెపట్టాలో చుట్టి తెచ్చి, పై అరలో పెట్టి తలుపు వేసేవాడు. వచ్చినవాళ్లు తలుపు తీస్తే తెల్లటి పొగ ముఖానికి కొట్టేది. ఇదంతా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆదివారం నేను గుడ్లప్పగించి చూసినట్టు మీరు చూడనక్కర్లేదు.

ఆ ఆదివారం గ్రూపువాళ్లు వచ్చారు. కళ్లజోళ్ల షాపాయన కూడా వచ్చాడు, మనసులో ఏమీ పెట్టుకోకుండా. బావ చొక్కా ఇస్త్రీ చేసుకుని, మహారాణి పక్కన పెళ్లిపెద్దలా నిలబడ్డాడు. తలుపు తీశాడు. పొగ వచ్చింది. కళ్లజోళ్లాయన చెవి దగ్గరగా పెట్టి విని, "మీరన్నది నిజమేనండి. అసలు యంత్రం చప్పుడే వేరు" అన్నాడు. బావ తల ఊపాడు. నేనైతే అది నా సొంత ఫ్రిజ్ అయినట్టు ఛాతీ విరుచుకున్నాను.

సరిగ్గా అప్పుడు పైవాటా పిన్నిగారు గుమ్మంలోకి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. వాళ్లాయన మాస్టారు, చక్కెర జబ్బు మనిషి. కవర్లో ఉన్నది ఆయన నెలంతా వేసుకునే ఇన్సులిన్.

"మా ఫ్రిజ్ పొద్దుట్నుంచీ మూగబోయింది బాబూ. మెకానిక్ రేపు గాని రాడట" అంది. "పోయినసారి వేడికి పాడైన మందు వేసుకునే కదా ఆయన కళ్లు తిరిగి పడిపోయారు. ఎన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నామో మీకు తెలియనిదేముంది. ఈ ఎండలో దీన్ని ఎక్కడ పెట్టాలో తోచక వచ్చాను. రాత్రి భోజనం ముందు సూది వేసుకోవాలి, అప్పుడొచ్చి పట్టుకెళ్తాను."

బావ నీళ్లు నమిలాడు. నేను ఆయన సంబరంతో మాట రాక నిలబడ్డాడనుకున్నాను.

"ఇంకేం కావాలమ్మా, మహారాణి ఉందిగా" అన్నాడు కళ్లజోళ్లాయన.

అందరూ బావ వైపు చూస్తున్నారు. బావ చెయ్యి చాచి కవరు అందుకున్నాడు. తలుపు తీసి మధ్య అరలో పెట్టాడు. "మీరు నిశ్చింతగా వెళ్లండి పిన్నిగారూ" అన్నాడు.

"చల్లగా ఉండు నాయనా" అని ఆమె ఆయన భుజం నిమిరి మెట్లెక్కింది.

వీళ్లు వెళ్లగానే కవరు పట్టుకుని ఎక్కడికైనా పరిగెత్తుదామని బావ అనుకుని ఉంటాడు. ఆయన పక్షాన ఆ మాత్రం ఊహిస్తాను. కానీ కళ్లజోళ్లాయన అందరినీ తన ఇంటికి భోజనానికి పిలిచాడు. బావ కొట్టులో పని ఉందన్నాడు. "ఆదివారం కొట్టెక్కడిదండీ? రండి, నా బీరువాని కూడా ఓసారి పలకరించి వద్దురుగాని" అన్నాడాయన నవ్వుతూ. మళ్లీ అందరూ నవ్వారు. బావ చెప్పులేసుకున్నాడు. మా అక్క వంటగది గుమ్మంలో, భుజం మీద తుడుపుగుడ్డతో, మమ్మల్నే చూస్తూ నిలబడింది. వస్తామే అక్కా అన్నాను. ఆమె తల మాత్రం ఆడించింది.

ఆ ఇంట్లో కూర్చోగానే మంచినీళ్లు ఇచ్చారు. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. బావ తాగకుండా ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. ఆ నీళ్లు వచ్చింది ఆయన బీరువా అన్న ఫ్రిజ్‌లోంచే, అది మూలన చడీచప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటోంది. భోజనంలో కూడా ఆయన చెయ్యి కదలలేదు. మాటిమాటికీ జేబులోంచి ఫోన్ తీసి మళ్లీ లోపల పెట్టుకుంటున్నాడు.

"అక్కకేమైనా చెప్పాలా బావా? నేను చెయ్యనా ఫోను?" అన్నాను.

"ఏం లేదురా. టైమెంతయిందో చూస్తున్నా."

ఎదురుగా గోడ మీద పళ్లెమంత గడియారం ఉంది.

కళ్లజోళ్లాయన తనకు కొత్తగా దొరికిన పాత పిడి ఒకటి తెచ్చి, ఇది ఏ కాలం నాటిదో చెప్పమని బావ చేతిలో పెట్టాడు. బావ ఇటూ అటూ తిప్పి, "తర్వాత చూస్తానండి" అన్నాడు. ఆ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆయన గుండెలో రాయి పడి ఉందని, ఆ రాయిని ఒక్క ఫోనుతో దించుకోవచ్చని నాకు తెలిస్తే కదా. చేస్తే అక్కకి చెప్పాలి, ఫ్రిజ్ చల్లబడదని. ఆ ఒక్క ముక్క ఆయన నోట్లోంచి రాలేదు.

మాటల్లో పడి పొద్దు వాలాక బయటపడ్డాం. నా వ్యానులోనే తిరిగొచ్చాం. ఇంట్లో అడుగుపెట్టేసరికి మహారాణి గుయ్యిమంటూనే ఉంది. బావ చెప్పులు విప్పకుండానే వెళ్లి తలుపు తీశాడు. దీపం వెలిగింది. పొగ లేదు. పై అరలో తడిసిన గోనె పీలిక ఉంది. మధ్య అర ఖాళీ.

పిన్నిగారు ముందే వచ్చి పట్టుకెళ్లిపోయిందని అనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లాడు. బయట ఒక కాలు పెట్టి, మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. పైన కుర్చీ లాగిన చప్పుడైంది, గిన్నెలు పెట్టిన చప్పుడైంది. మాస్టారు భోజనానికి కూర్చుంటున్నారన్నమాట. బావ కాలు వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విప్పి, గోడవారగా జతగా సర్దాడు. అలమరలోంచి పచ్చగుడ్డ తీసి, వచ్చి మహారాణి పిడి తుడవడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. తేలు కుట్టిన దొంగలా ఉంది వాలకం. ఏమైంది బావా అని అడిగాను. వినిపించనట్టే తుడుస్తున్నాడు.

అక్క వంటగదిలోంచి వచ్చింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది. ఆ చప్పుడు ఆగిపోయాక ఇల్లు వేరే ఇల్లులా ఉంది.

"మందు అందులో లేదండీ" అంది. "మీరు మలుపు తిరగ్గానే తీసుకెళ్లి మందుల షాపులో పెట్టించాను, వాళ్ల ఫ్రిజ్‌లో. ఇందాకే తెచ్చి పిన్నిగారికిచ్చాను."

బావ చేతిలో గుడ్డ ఆగింది. "నీకు..." అన్నాడు.

"మీరు మంచుగడ్డ పెట్టిన ప్రతిసారీ దీని కింద మడుగు కట్టేది. తుడిచేదెవరనుకున్నారు? ఇదివరకు నిజంగా నడిచినప్పుడు చుక్క కారేది కాదు." అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. "ఎవరికీ నష్టం లేదుకదా, ఆయన ముచ్చట అనుకున్నాను. నలుగుర్లో మీ మాట పోకూడదని, వాళ్లు చూడకముందే కాలితో గుడ్డ జరిపి ఒత్తేసేదాన్ని. ఇవాళ కూడా ఒత్తాను. ఫోన్ చేస్తారని చూశాను. చెయ్యలేదు. నలుగురి మధ్య ఉన్నారులే అనుకున్నాను. ఇంటికొచ్చారు. అర ఖాళీగా ఉందని చూశారు. పైకి వెళ్తారని వంటగదిలోంచి చూస్తూనే ఉన్నాను."

అక్క ఆయన చేతిలోని గుడ్డ వైపు చూసింది.

"చెప్పులు విప్పి సర్దుకున్నారు. పైన మాస్టారు ఆ సూదే గుచ్చుకుంటారని తెలిసి, ఇక్కడ పిడి తుడుస్తున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా బావ అంతటివాడు, ఇంతటివాడు అని నా వ్యానెక్కిన ప్రతివాడికీ చెప్పినవాణ్ని నేను. మా అక్క ముఖం చూడలేక కిటికీ వైపు చూద్దామంటే కిటికీకి అడ్డంగా ఫ్రిజ్ ఉంది. బావ గుడ్డ మడిచి మహారాణి నెత్తిన పెట్టాడు. ఉత్తకాళ్లతో బయటికి నడిచాడు. ఏం చేస్తాడోనని నేనూ వెనకాలే మెట్లెక్కాను.

మాస్టారు బల్ల ముందు చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నారు. సూది అప్పటికే వేసుకున్నారు, దూదితో చోటు అదుముకుంటున్నారు. పిన్నిగారు మమ్మల్ని చూసి నిండుగా నవ్వింది.

"రా నాయనా. మీ మహారాణి పుణ్యమా అని గండం గడిచింది" అంది.

అక్క ఆమెకి ఏమీ చెప్పలేదన్నమాట. మందు చేతికిచ్చి వచ్చేసింది, అంతే. ఆ క్షణంలో బావ సంతోషమండీ అని దిగిపోయి ఉంటే ఈ కథ మా నాలుగు గోడల మధ్యే ఉండేది. దిగిపోతాడనే నేను అనుకున్నాను. దిగిపొమ్మని లోపల కోరుకున్నాను కూడా.

"అది బీరువా పిన్నిగారూ" అన్నాడు బావ.

ఆమెకి అర్థం కాలేదు. బావ చెప్పాడు, మోటారూ దీపమూ మంచుగడ్డా అన్నీ. పొద్దున కవరు అందుకున్నప్పుడే అది అక్కడ చల్లగా ఉండదని తెలుసన్నాడు. మా ఆవిడ తీసుకెళ్లి వేరే చోట పెట్టబట్టి మందు బాగుందన్నాడు. తల ఎత్తకుండా, బల్ల కాలికేసి చూస్తూ చెప్పాడు. చెప్పేకొద్దీ పిన్నిగారి నవ్వు ఎటు పోవాలో తెలియనట్టు ఆ ముఖం మీదే కాసేపు ఉండి, పోయింది. ఆమె లోపలికెళ్లి మందు సీసా తెచ్చి దీపానికి ఎదురుగా పట్టి చూసింది. అది బాగానే ఉంది. అయినా చాలాసేపు చూసింది.

మాస్టారు దూది పక్కన పెట్టారు.

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు?" అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు, లెక్క ఎక్కడ తప్పిందో పిల్లల్ని అడిగినట్టు.

"వాళ్లంతా ఉన్నారు మాస్టారూ. బీరువా అంటారని."

"మీ వ్యాను వచ్చిన చప్పుడు ఇందాకెప్పుడో విన్నాను. వచ్చాక?"

బావ తలుపు వైపు తిరిగాడు. ఇద్దరం మెట్లు దిగి వచ్చేశాం. బావ ఆ పూట అన్నం ముట్టలేదు, అక్క తినమని అనలేదు.

మర్నాడు గ్రూపులో ఆయనే పెట్టాడు, మహారాణి బీరువా, ఇన్నాళ్లూ మోసం చేశాను అని. నలుగురు నవ్వారు, ఇద్దరు తిట్టారు. కళ్లజోళ్లాయన ఫోన్ చేసి, తనకు తెలిసిన మంచి మెకానిక్ ఉన్నాడని, కొత్త యంత్రం వేయిద్దామని అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. బావ చూద్దాంలెండి అన్నాడు, ఇంకా చూడలేదు. అక్క ఒక రోజు దుప్పట్లన్నీ మడిచి మహారాణిలో సర్దేసింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. దుప్పట్లు ఒక్కొక్కటే అందించాడు. కొట్టులో స్కీము మళ్లీ పెట్టారు, గోడౌను నిండింది, నాకు మాత్రం ఇంతవరకూ పిలుపు రాలేదు. నా నడుముకి మంచిదే. అయినా తుక్కు లారీ వెళ్లిపోతుంటే ఆ డబ్బాల వైపు చూడని మా బావని చూస్తే నాకు ఏదోలా ఉంటుంది.

మొన్న నేను వాళ్లింట్లో ఉండగా పిన్నిగారు తలుపు తట్టింది. చుట్టాలింటికి వెళ్తున్నారు, కింద ఆటో హారన్ కొడుతోంది. ఎప్పుడు ఊరెళ్లినా ఇంటి తాళంచెవి బావ చేతికే ఇచ్చి వెళ్లడం వాళ్లకి అలవాటు, కుండీలకు నీళ్లు పోసేది ఆయనే. బావ తలుపు తీసి, అలవాటుగా చెయ్యి చాచాడు.

"అమ్మాయి లేదా?" అంది ఆమె.

"కూరగాయలకెళ్లింది పిన్నిగారూ. ఇటివ్వండి."

"పర్వాలేదు నాయనా. వచ్చాకే ఇస్తాలే."

కోపంగా ఏమీ అనలేదు. చీర కుచ్చెళ్లు సర్దుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆటోవాడు మళ్లీ హారన్ కొట్టాడు. మాస్టారు కిందనుంచి ఏమైందని కేకేశారు. వస్తున్నా అంది గాని లేవలేదు. అక్క సంచులతో మెట్లెక్కి వచ్చేదాకా అలాగే కూర్చుంది. బావ లోపలికి రాలేక, తలుపు వెయ్యలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.